టీవీ స్టిక్‌లో పాత వీడియో గేమ్స్ ఆడుకోవడం ఎలా: కంట్రోలర్ నుంచి సేవ్ ఫైల్ దాకా

ఎండాకాలం సెలవుల్లో క్యాసెట్ తీసి ఊది మళ్ళీ పెట్టి, టీవీలో చానల్ ట్యూన్ చేసుకుని మారియో, కాంట్రా ఆడిన వాళ్ళందరి కోసం ఇది రాస్తున్నా. మా ఇంట్లో మా తమ్ముడూ నేనూ కలిపి ఒక్కటే జాయ్‌స్టిక్ పనిచేసేది, రెండోది వైరు తెగిపోయి ఉండేది, అందుకని వంతులేసుకుని ఆడేవాళ్ళం. ఇప్పుడు హాల్లో 43 ఇంచుల టీవీ, దాని వెనకాల ఓటీటీ చూడటానికి కొన్న చిన్న స్టిక్ ఉంది కదా, దానితోనే ఆ ఆటలన్నీ ఆడుకోవచ్చు, కొత్తగా ఏ బాక్సూ కొనక్కర్లేదు.

సరిపోతుందా అని డౌట్ ఉంటే ఒక్క లెక్క చూడండి. 1983లో జపాన్‌లో వచ్చిన ఫ్యామికామ్, అంటే మనం ఆడిన టీవీ గేమ్ బాక్సులకి అసలు మూలం, దాని ప్రాసెసర్ 1.79 మెగాహెర్ట్జ్, వర్క్ ర్యామ్ 2 కిలోబైట్లు. మీ స్టిక్‌లో ఎంత తక్కువ అనుకున్నా 1 జీబీ ర్యామ్ ఉంటుంది. కాబట్టి పవర్ సమస్యే కాదు. మారియో ఆడుతుంటే ఎక్కడో తేడాగా ఉంది అనిపించేది స్పీడ్ వల్ల కాదు, బటన్ నొక్కిన తర్వాత బొమ్మ కదలడానికి పట్టే టైమ్ వల్ల. దీని గురించి కింద ఎక్కువ చెప్తాను, ఎందుకంటే చాలామంది గేమ్ ఎక్కించేసి, గుంటలో నాలుగుసార్లు పడిపోయి, ఇది అప్పట్లా లేదు అని వదిలేస్తున్నారు.

ముందు మీ డివైస్ ఏంటో చూస్కోండి

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్‌కి వెళ్తే మోడల్ పేరు, ఆండ్రాయిడ్ వెర్షన్ కనిపిస్తాయి. ఫైర్ టీవీ స్టిక్ మామూలు మోడల్, లైట్ మోడల్ 1 జీబీ ర్యామ్, 4కే మ్యాక్స్ 2 జీబీ, క్రోమ్‌కాస్ట్ విత్ గూగుల్ టీవీ 4కే మోడల్ 2 జీబీ, దాని హెచ్‌డీ మోడల్ 1.5 జీబీ, షావొమీ మి బాక్స్ 4కే 2 జీబీ. 2024లో వచ్చిన గూగుల్ టీవీ స్ట్రీమర్‌లో 4 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్ ఉన్నాయి. వీటన్నిట్లోనూ ఆండ్రాయిడే, ఫైర్ టీవీలో ఉన్న ఫైర్ ఓఎస్ కూడా ఆండ్రాయిడ్ మీద కట్టిందే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, 2025లో అమెజాన్ తెచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్‌లో ఆండ్రాయిడ్ లేదు, వేగా ఓఎస్ అని వేరే సిస్టమ్ ఉంది, అందులో బయటి యాప్స్ ఎక్కవు. ఇప్పుడు కొనేవాళ్ళు డబ్బాపైన పేరు చూసి కొనండి. ఇంటర్నెట్ కనెక్షన్‌తో ఇచ్చే సెట్‌టాప్ బాక్సుల్లో కూడా కొన్నిట్లో బయటి యాప్స్‌కి తాళం ఉంటుంది, ముందే చూస్కోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, దీని దగ్గర చాలామంది ఆగిపోతారు. ప్రాసెసర్ 64 బిట్ అయినా స్టిక్‌లో ఎక్కించిన ఆండ్రాయిడ్ మాత్రం 32 బిట్ ఉండటం చాలా కామన్. క్రోమ్‌కాస్ట్ విత్ గూగుల్ టీవీ అలాంటిదే. మీరు 64 బిట్ యాప్ ఫైల్ డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ కొడితే 'యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్' అని వచ్చి ఊరుకుంటుంది, ఎందుకో చెప్పదు. అలా వస్తే డివైస్ పాడైందని కంగారు పడకుండా 32 బిట్ ఫైల్ తీస్కోండి, అంతే.

రెట్రోఆర్చ్ ఎక్కించడం

ఒక్కో కన్సోల్‌కి ఒక్కో యాప్ వేసుకునే బదులు రెట్రోఆర్చ్ ఒక్కటి వేసుకోండి. ఇది ఫ్రీ, ఓపెన్ సోర్స్, యాడ్స్ ఉండవు. దీని లోపల 'కోర్' అని చిన్న చిన్న ముక్కలు ఉంటాయి, ఒక్కో కోర్ ఒక్కో పాత మెషీన్‌లా పనిచేస్తుంది. ప్లే స్టోర్‌లో వెతికితే టీవీకే నేరుగా దొరుకుతుంది. దొరక్కపోతే రెట్రోఆర్చ్ సొంత వెబ్‌సైట్ నుంచి తీసుకోవాలి, వేరే సైట్ల నుంచి మాత్రం వద్దు.

బయట నుంచి ఎక్కించాలంటే ముందు డెవలపర్ ఆప్షన్స్ తెరవాలి. గూగుల్ టీవీలో అబౌట్‌కి వెళ్ళి చివర్న ఉన్న బిల్డ్ అనే లైన్ మీద ఏడుసార్లు ఓకే నొక్కాలి. ఫైర్ టీవీలో మై ఫైర్ టీవీ, అబౌట్‌లో డివైస్ పేరు మీద ఏడుసార్లు. తర్వాత డౌన్‌లోడర్ అనే యాప్ వేసుకుని, అన్‌నోన్ యాప్స్ ఇన్‌స్టాల్ చేసే పర్మిషన్ ఆ ఒక్క యాప్‌కే ఇవ్వండి, పని అయ్యాక ఆ పర్మిషన్ తీసేయండి, ఇంట్లో పిల్లలు ఏది పడితే అది నొక్కుతారు కదా.

యాప్ ఓపెన్ చేశాక ఫోన్‌కి చేసినట్టు మెనూ కనిపిస్తే రిమోట్‌తో తిరగడం నరకం. సెట్టింగ్స్‌లో డ్రైవర్స్, అందులో మెనూ అని ఉంటుంది, దాన్ని ఓజోన్‌కి మార్చి యాప్ మూసి తెరవండి, టీవీకి సరిపోయే మెనూ వస్తుంది. ఆ తర్వాత ఆన్‌లైన్ అప్‌డేటర్‌లోకి వెళ్ళి కోర్ ఇన్ఫో, అసెట్స్, కంట్రోలర్ ప్రొఫైల్స్, డేటాబేస్ అన్నీ ఒకసారి అప్‌డేట్ కొట్టండి. కంట్రోలర్ ప్రొఫైల్స్ అప్‌డేట్ చేయకపోతే మీ జాయ్‌స్టిక్‌ని అది గుర్తుపట్టక బటన్లు గజిబిజి అవుతాయి.

ఏ కోర్ వేయాలి? టీవీ గేమ్ బాక్స్ ఆటలకి ఎఫ్‌సీఈయూఎమ్ఎమ్ లేదా నెస్టోపియా, సూపర్ నింటెండోకి స్నెస్9ఎక్స్, సెగాకి జెనిసిస్ ప్లస్ జీఎక్స్, గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి ఎమ్‌జీబీఏ, మొదటి ప్లేస్టేషన్‌కి పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్, నాణేలేసి ఆడే ఆర్కేడ్ ఆటలకి ఎఫ్‌బీనియో. 1 జీబీ స్టిక్‌లో స్నెస్9ఎక్స్ ఈడ్చుకుంటూ పోతే దాని 2010 వెర్షన్ వేయండి, తేలిగ్గా ఉంటుంది. నింటెండో 64 సగం ఆటలు నడుస్తాయి సగం తడబడతాయి, పీఎస్‌పీ అయితే రిజల్యూషన్ తగ్గించి కొన్ని ఆడొచ్చు, ప్లేస్టేషన్ 2 గురించి స్టిక్‌లో ఆలోచించొద్దు. నా సలహా, మొదటి వారం ఒక్క టీవీ గేమ్ కోర్‌తోనే ఉండండి, అది బాగా సెట్ అయ్యాకే మిగతావి. యాభై కోర్లు, వెయ్యి గేములు ఒకేసారి నింపినవాళ్ళు ఒక్కటీ పూర్తిగా ఆడరు.

గేమ్స్ ఎక్కడ్నుంచి

ఎమ్యులేటర్ (పాత మెషీన్‌లా పనిచేసే ఇలాంటి యాప్) వాడటం తప్పు కాదు, కానీ గేమ్ ఫైల్ మీద కంపెనీకి కాపీరైట్ ఉంటుంది, పాతదైనా సరే. నెట్‌లో ఊరికే దొరుకుతున్నాయి కదా అని దించుకోవడం కాపీరైట్ ఉల్లంఘనే, పైగా ఆ సైట్లలో సగం బటన్లు వైరస్‌లకి దారి. సరైన దారులు చాలానే ఉన్నాయి. మీ దగ్గర ఒరిజినల్ క్యాట్రిడ్జ్‌లు (గేమ్ క్యాసెట్లు) ఉంటే వాటిలోని డేటా చదివే కార్ట్ రీడర్లు ఉంటాయి. స్టీమ్‌లో (కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్) సెగా మెగా డ్రైవ్ క్లాసిక్స్ ఎప్పుడో కొనుక్కున్నవాళ్ళకి ఆ ఫోల్డర్‌లోనే గోల్డెన్ యాక్స్, స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ లాంటి వాటి రోమ్ (ROM) ఫైల్స్, అంటే గేమ్ ఫైల్స్ ఉంటాయి. అది 2024 డిసెంబర్‌లో అమ్మకం ఆపేశారు కానీ కొన్నవాళ్ళ లైబ్రరీలో ఉంది.

ఏమీ లేనివాళ్ళు రెట్రోఆర్చ్‌లోనే కంటెంట్ డౌన్‌లోడర్‌కి వెళ్ళండి, కేవ్ స్టోరీ అక్కడ ఫ్రీగా దొరుకుతుంది, ఒక్క మనిషి ఏళ్ళ తరబడి కూర్చుని చేసి 2004లో ఉచితంగా ఇచ్చిన గేమ్ అది, తప్పకుండా ఆడండి. ఇంకా ఇప్పటి మనుషులు పాత మెషీన్ల కోసం కొత్తగా చేస్తున్న హోమ్‌బ్రూ ఆటలు ఉన్నాయి. టోబు టోబు గర్ల్ గేమ్‌బాయ్‌కి, నోవా ది స్క్విరల్ టీవీ గేమ్‌కి, రెండూ ఫ్రీ. 2019లో వచ్చిన మైక్రో మేజెస్ కొనుక్కోవాలి కానీ నలుగురు కలిసి ఆడొచ్చు, మొత్తం గేమ్ 40 కిలోబైట్లలో పట్టించారు. వాట్సాప్‌లో వచ్చే ఒక్క ఫోటో సైజు కూడా అంతకంటే ఎక్కువ ఉంటుంది, ఆ పనితనానికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఆర్కేడ్ గురించి ఒక మాట. మన దగ్గర వీడియో గేమ్ షాపుల్లో అందరూ 'ముస్తఫా' అని పిలిచిన ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో చేసింది. అందులో పసుపు టోపీ పెట్టుకున్న పాత్ర పేరు ముస్తఫా, ఆ పేరే ఆటకి అంటుకుంది. ఇలాంటి ఆర్కేడ్ ఆటల జిప్ ఫైల్‌ని విప్పకూడదు, పేరు మార్చకూడదు, అలాగే కోర్ వెర్షన్‌కి సరిపోయే సెట్ అయితేనే తెరుచుకుంటుంది. ఆర్కేడ్ గేమ్ తెరుచుకోలేదంటే నూటికి తొంభైసార్లు కారణం ఇదే.

ఫైల్స్ స్టిక్‌లోకి పంపడానికి సెండ్ ఫైల్స్ టు టీవీ అనే యాప్ ఫోన్‌లో, టీవీలో రెండిట్లో వేసుకుంటే వైఫై మీద వెళ్ళిపోతాయి. 8 జీబీ స్టిక్‌లో మనకి మిగిలేది అందులో సగం చిల్లర, దాంట్లో ఓటీటీ యాప్స్ పోను ఏమీ ఉండదు. కానీ టీవీ గేమ్ ఆటలు ఒక్కోటి కిలోబైట్లలోనే ఉంటాయి కాబట్టి భయం లేదు, ప్లేస్టేషన్ ఆటలు మాత్రం ఒక్కోటి వందల ఎంబీలు. అవి కావాలంటే సీహెచ్‌డీ ఫార్మాట్‌లోకి మార్చుకుంటే సైజు తగ్గుతుంది, లేదంటే పవర్ ఇచ్చే ఓటీజీ హబ్‌తో పెన్‌డ్రైవ్ పెట్టుకోండి. రెట్రోఆర్చ్‌కి ఫైల్స్ పర్మిషన్ ఇవ్వడం మర్చిపోవద్దు, ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తోంది అంటే పర్మిషన్ లేదని అర్థం. తర్వాత ఇంపోర్ట్ కంటెంట్‌లో స్కాన్ డైరెక్టరీ కొడితే లిస్ట్ తయారవుతుంది.

కంట్రోలర్

టీవీ రిమోట్‌తో ఆడదామని ప్రయత్నించొద్దు, పరిగెత్తుతూ ఎగరడం దాంతో అవ్వదు. ఇంట్లో పీఎస్4 కంట్రోలర్ ఉంటే షేర్, పీఎస్ బటన్ రెండూ కలిపి లైట్ గబగబా కొట్టుకునే దాకా పట్టుకోండి, ఎక్స్‌బాక్స్ బ్లూటూత్ కంట్రోలర్ అయితే పైనున్న పెయిర్ బటన్ మూడు సెకన్లు. కొత్తగా కొనేవాళ్ళు కొట్టొచ్చినట్టు ఉండే లైట్లు, వైబ్రేషన్ చూడొద్దు, ప్లస్ ఆకారంలో ఉన్న డీ-ప్యాడ్ బాగుందా లేదా అదొక్కటే చూడండి, ఈ ఆటలన్నీ దాంతోనే ఆడేవి.

బ్లూటూత్, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై రెండూ ఒకే బ్యాండ్‌లో నడుస్తాయి, అందుకే మధ్యమధ్యలో బటన్ పలకకపోవడం, మారియో తనంతట తానే పరిగెత్తడం జరుగుతుంది. స్టిక్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి, స్టిక్‌ని టీవీకి నేరుగా గుచ్చకుండా దాంతో వచ్చిన చిన్న హెచ్‌డీఎమ్ఐ ఎక్స్‌టెండర్‌తో కాస్త బయటికి తీయండి, మా ఇంట్లో ఈ రెండు చేశాక కంట్రోలర్ మళ్ళీ తెగలేదు. పవర్ కూడా టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా దాని అడాప్టర్ నుంచే ఇవ్వండి.

సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్, హాట్‌కీస్‌లో మెనూ టాగుల్ కంట్రోలర్ కాంబో అని ఉంటుంది, దానికి స్టార్ట్ ప్లస్ సెలెక్ట్ పెట్టుకోండి. ఇది పెట్టకపోతే గేమ్‌లోంచి బయటికి రావడానికి దారి ఉండదు, హోమ్ నొక్కాలి, హోమ్ నొక్కితే ఏమవుతుందో కింద చెప్తా.

ఇప్పుడు అసలు విషయం, లాగ్ (బటన్ నొక్కాక పట్టే ఆలస్యం)

పాత డబ్బా టీవీలో బొమ్మ ఎప్పటికప్పుడు గీసేసేది, మధ్యలో ఆలోచించేది ఏమీ లేదు. ఇప్పటి టీవీ ప్రతి ఫ్రేమ్‌ని తీసుకుని నాయిస్ తగ్గించి, రంగులు పెంచి, కదలిక స్మూత్ చేసి అప్పుడు చూపిస్తుంది. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు, టీవీ ఒక ఐదారు ఫ్రేములు తినేస్తే, బ్లూటూత్ కొంచెం, ఎమ్యులేటర్ కొంచెం కలిసి, మీరు ఎగరమన్న టైమ్‌కి మారియో గుంటలో ఉంటాడు. మీ చేతికి పాత టైమింగ్ ఇంకా గుర్తుంది, అందుకే కొత్తవాళ్ళ కంటే మనకే ఇది ఎక్కువ తెలుస్తుంది.

మొదటి మందు టీవీలో గేమ్ మోడ్. ఇదొక్కటే మిగతా అన్ని సెట్టింగ్స్ కలిపినంత పని చేస్తుంది. గేమ్ మోడ్ లేని పాత ఎల్‌ఈడీ టీవీ అయితే మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ లాంటివన్నీ ఆఫ్ చేయండి, కొన్ని టీవీల్లో ఆ హెచ్‌డీఎమ్ఐ పోర్ట్ పేరు పీసీ అని మార్చినా ప్రాసెసింగ్ తగ్గుతుంది. సౌండ్ బ్లూటూత్ స్పీకర్‌కి పంపొద్దు, కాయిన్ తీసుకున్నాక కాసేపటికి సౌండ్ వస్తుంది.

తర్వాత రెట్రోఆర్చ్‌లో సెట్టింగ్స్, లేటెన్సీ, రన్-అహెడ్ ఆన్ చేసి ఫ్రేములు 1 పెట్టండి. పాత గేమ్‌లోనే బటన్ నొక్కాక ఒకటి రెండు ఫ్రేములు ఆగే అలవాటు ఉంటుంది, ఎమ్యులేటర్ ముందుకి నడిపి చూసి ఆ ఆగుడు తీసేస్తుంది. 2 వరకు పర్లేదు, ఇంకా పెంచితే బొమ్మ గెంతినట్టు అవుతుంది. ఇది టీవీ గేమ్, సెగా కోర్లకే పెట్టండి, ప్లేస్టేషన్‌కి స్టిక్ తట్టుకోలేదు. వీడియోలో థ్రెడెడ్ వీడియో ఆన్ చేస్తే స్పీడ్ వస్తుంది కానీ లాగ్ పెరుగుతుంది, అవసరం పడకపోతే ఆఫ్‌లోనే ఉంచండి. సౌండ్ గరగరలాడితే ఆడియో లేటెన్సీ కొంచెం పెంచి చూడండి.

ఇవన్నీ చేశాక మారియో మొదటి లెవెల్ ఆడండి. మొదటి పుట్టగొడుగు శత్రువు మీద ఆలోచించకుండా దూకగలిగితే సెట్ అయినట్టే.

అన్నీ సరిగ్గా ఉన్నా ఆట మీ జ్ఞాపకం కంటే ఫాస్ట్‌గా, పాట హడావిడిగా అనిపిస్తుందా? అది మీ వయసు కాదు. అప్పటి మన టీవీలు పాల్ (PAL) సిస్టమ్, 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు బొమ్మ గీసేవి. అలాంటి దేశాల కోసం చేసిన క్లోన్ బాక్సుల్లో ఆట అసలు జపాన్ స్పీడ్ కంటే ఆరోవంతు నెమ్మదిగా నడిచేది. ఎఫ్‌సీఈయూఎమ్ఎమ్ కోర్ ఆప్షన్స్‌లో రీజియన్ డెండీ అని ఉంటుంది, అది పెట్టి చూడండి. నేను పెట్టగానే కాంట్రా మొదటి స్టేజ్ పాట వచ్చిన తీరుకి మా తమ్ముడికి వెంటనే వీడియో కాల్ చేశా. కాకపోతే 60 హెర్ట్జ్ టీవీలో స్క్రోలింగ్ కొంచెం అదురుతుంది, అది ఓర్చుకోవాలి.

బొమ్మ ఎలా కనిపించాలి

వెడల్పు టీవీ కదా అని సాగదీయొద్దు, మారియో లావైపోతాడు. యాస్పెక్ట్ రేషియో 4:3 పెట్టండి, పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి. బైలీనియర్ ఫిల్టర్ తీసేస్తే అంచులు స్పష్టంగా వస్తాయి. డబ్బా టీవీ గీతలు కావాలంటే షేడర్స్‌లో (బొమ్మ మీద వేసే ఎఫెక్ట్‌లు) జెడ్‌ఫాస్ట్ సీఆర్‌టీ (zfast-crt) అనేది తేలికైనది, స్టిక్ మోయగలదు, మిగతా పెద్ద షేడర్లు మోయలేదు. 4కే టీవీ ఉన్నా స్టిక్ అవుట్‌పుట్ 1080పీలో పెట్టుకుంటే ఆటలకి హాయిగా ఉంటుంది.

బాతుల్ని కాల్చే గన్ దాచుకున్నవాళ్ళకి మాత్రం ఒక చేదు మాట, డక్ హంట్ గన్ డబ్బా టీవీ గీసే వెలుగుని పట్టుకునేలా చేసింది, ఎల్‌ఈడీ టీవీ మీద అది పనిచేయదు.

సేవ్ పోకుండా

రెట్రోఆర్చ్ గేమ్ సేవ్‌ని చాలావరకు గేమ్ క్లోజ్ చేసినప్పుడే ఫైల్‌లో రాస్తుంది. మధ్యలో హోమ్ నొక్కి వేరే యాప్ తెరిస్తే, ర్యామ్ చాలక స్టిక్ రెట్రోఆర్చ్‌ని చంపేస్తుంది, సేవ్ గాలికి పోతుంది. మా అక్క కూతురు రెండు ఆదివారాలు కూర్చుని ఆడిన గేమ్ ఇలాగే పోయింది, పిల్ల ఏడుపు చూడలేకపోయా. అప్పట్నుంచి ఎవరింట్లో సెట్ చేసినా ముందు సెట్టింగ్స్, సేవింగ్‌లో సేవ్‌ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వల్ 10 సెకన్లు పెడుతున్నా, దాంతోపాటే ఆటో సేవ్ స్టేట్, ఆటో లోడ్ స్టేట్ (ఆట ఆపిన చోటుని ఉన్నదున్నట్టు దాచి, మళ్ళీ అక్కడే తెరిచేవి) ఆన్. అలాగే గేమ్ ఆపేటప్పుడు స్టార్ట్ ప్లస్ సెలెక్ట్‌తో మెనూలోకి వచ్చి క్లోజ్ కంటెంట్ కొట్టమని ఇంట్లో అందరికీ నేర్పండి.

సేవ్స్, స్టేట్స్ ఫోల్డర్లు రెండూ నెలకోసారి ఫోన్‌కి కాపీ చేస్కోండి, స్టిక్ రీసెట్ కొట్టాల్సి వస్తే అవే దిక్కు. కోర్ అప్‌డేట్ అయ్యాక పాత సేవ్ స్టేట్ ఒక్కోసారి తెరుచుకోదు, గేమ్ లోపల చేసే మామూలు సేవ్ మాత్రం తెరుచుకుంటుంది, కాబట్టి గేమ్‌లో సేవ్ చేసే చోటు ఉంటే అక్కడ కూడా చేస్కోండి.

అంతా కుదిరాక యూజర్ ఇంటర్‌ఫేస్‌లో కియోస్క్ మోడ్ ఆన్ చేస్తే సెట్టింగ్స్ కనపడకుండా పోతాయి, పిల్లలు ఏదీ మార్చలేరు. అది ఆన్ చేసే ముందు రెండో కంట్రోలర్ కూడా పెయిర్ చేసి, ఇన్‌పుట్‌లో పోర్ట్ 2కి అది పడిందో లేదో కాంట్రా టూ ప్లేయర్ పెట్టి ఒకసారి చూస్కోండి. మా ఇంట్లో ఆ రెండోది మా తమ్ముడిది, సంక్రాంతికి వచ్చినప్పుడు వాడే తీస్తాడు.